వలకు ఎదురుగా కెమెరా

లెన్సును చెవికి ఆనించుకుని వినే మనిషిని నా జన్మలో ఒక్కరినే చూశాను. ఆయన మా అమ్మకు తమ్ముడు, నాకు మేనమామ. ఇల్లు విడవలూరులో. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ పెళ్ళి వీడియోలు తీసేవాడు. కొత్త లెన్సు చేతికి రాగానే ఎవరైనా ముందు కన్ను పెట్టి చూస్తారు. ఆయన దాన్ని కెమెరాకు తగిలించి, ఫోకస్‌ను దగ్గరికీ దూరానికీ పరిగెత్తిస్తూ, కళ్ళు మూసుకుని చెవి ఆనించేవాడు. నాడి చూసే వైద్యుడు కూడా అంత గంభీరంగా ముఖం పెట్టడు.

పోయిన నెల నెల్లూరులో కెమెరాల అంగట్లో నేనూ అదే పని చేశాను. చేస్తున్నానని నాకే తెలియలేదు. కౌంటరు వెనకున్నాయన "ఏం వినపడతా ఉండాదక్కా, రేడియోనా?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వుతూనే లెన్సును కౌంటరు మీద పెట్టేశాను. మామ నుంచి నాకు వచ్చింది ఆ అలవాటు ఒక్కటే కాకపోవచ్చు.

మా అమ్మమ్మకు నీటికాసులు. ఆమె కొడుక్కీ నీటికాసులే. నొప్పి లేకుండా, చెప్పకుండా, చూపును పక్కల నుంచి తినేసుకుంటూ వచ్చే జబ్బు అది. కుటుంబాల్లో దిగుతుందని డాక్టర్లు చెప్తారు. మామ పోయి ఏడాది దాటింది. ఆయన్ను సమాధి చేసి ఇంటికొచ్చిన రోజే అత్త నా చెయ్యి పట్టుకుని "నువ్వు గూడా ఒకసారి కండ్లు చూపించుకో పాపా" అంది. సరే అన్నాను. ఇప్పటిదాకా చూపించుకోలేదు. పెళ్ళిళ్ళ సీజన్ అని ఒకసారి, చర్చి కన్వెన్షన్ ఉందని ఒకసారి, వానలని ఒకసారి. అసలు సంగతి భయం. నేనూ వీడియోలే తీస్తాను. డిగ్రీ చదివాక మామ దగ్గరే రెండో కెమెరా పట్టుకుని నేర్చుకున్నాను. నాకు వచ్చిన పని అదొక్కటే.

ఆ చెవి అలవాటు ఆయనకు ఊరికే రాలేదు. ఒకసారి అల్లూరు వైపు ఒక చర్చిలో పెళ్ళి. ఇతన్ని భర్తగా అంగీకరిస్తున్నావా అని పాస్టరుగారు పెళ్ళికూతుర్ని అడిగారు. గుడి అంతా నిశ్శబ్దం. ఆ అమ్మాయి సిగ్గుతో తలవంచుకుని కాస్త ఆలస్యం చేసింది. ఆ కాస్త ఆలస్యంలో మామ లెన్సు ఆమె ముఖం మీద ఫోకస్ వెతుక్కుంటూ కిర్రుమంది. కెమెరా మీదున్న మైకు ఆ కిర్రును నమ్మకంగా పట్టుకుంది. వీడియో చూసిన పెళ్ళికూతురి తమ్ముడు "మా అక్క అవునని చెప్పే లోపల ఎవరో తలుపు తీసినట్టుండాదే అన్నా, పారిపోదామనుకునిందా?" అన్నాడట. వాళ్ళందరూ నవ్వుకుని మరిచిపోయారు. మామ మాత్రం చాలా రోజులు అన్నం సరిగ్గా తినలేదు. అప్పటినుంచి ఏ లెన్సయినా ముందు చెవికి.

"ఫొటోకి లెన్సు రెప్పపాటు మంచిగా ఉంటే చాలు పాపా. వీడియోకి అట్ట కాదు. పెండ్లి అయిందాకా ఒకే మాట మీద ఉండాల" అనేవాడు. ఆయన అడ్డగోలుగా తిట్టే లెన్సులు కొన్ని ఉండేవి. ఫోకస్ మారుస్తుంటే వాటిలో బొమ్మ మొత్తం కాస్త ఉబ్బుతుంది, కాస్త తగ్గుతుంది. మా పనిలో దాన్ని లెన్సు ఊపిరి తీయడం అంటారు. ఫొటో తీసేవాళ్ళకు ఆ బాధ లేదు, వాళ్ళకు కనపడదు. మాకు కనపడుతుంది. "పెండ్లికొడుకు మీద నుంచి పెండ్లికూతురు మీదకి పోతుంటే వెనకుండే గోడ గూడా ముందుకొస్తా ఉండాది. ఇది లెన్సు కాదు, ఆస్తమా" అని పెట్టెలో పెట్టేసేవాడు.

రెండు లెన్సులు తెప్పించుకుని మంచం మీద పక్కపక్కన పరిచి కూర్చునేవాడు. ఇది చీకటి గుడిలో బాగా చూస్తుంది, కానీ జూమ్ లేదు. పెద్దమనుషుల మధ్యకు దూరి ముందుకూ వెనక్కూ నడవాలి. అది జూమ్ చేస్తుంది, కానీ బరువు. మధ్యాహ్నం విందు దాకా మోస్తే భుజం పోతుంది. దీని రింగు మెత్తగా తిరుగుతుంది, దానిది టకటకమంటుంది. ఇట్లా గంటల తరబడి. అత్త వంటింట్లోంచి "ఏమయ్యా, సంబంధం ఖాయమయిందా? లాంఛనాలు ఎప్పుడు?" అని అడిగేది. ఆయన నవ్వేవాడు కాదు. తప్పు లెన్సు తీసుకుంటే ఎవరి పెళ్ళో పాడవుతుందని నిజంగా భయపడేవాడు.

భయం అంటే గుర్తొచ్చింది. అంత పిరికి మనిషిని నేను చూడలేదు. సముద్రం పక్కన పుట్టి మోకాలి లోతు దాటి ఎప్పుడూ దిగలేదు. బ్యాటరీ అయిపోతుందని భయం, కార్డు నిండిపోతుందని భయం, పాస్టరుగారు కోప్పడతారని భయం. ఉప్పుగాలికి లెన్సుల లోపల బూజు పడుతుందని అన్నిటికంటే పెద్ద భయం. దానికాయన విరుగుడు, బియ్యం దోరగా వేయించి, గుడ్డమూటలు కట్టి, లెన్సుల డబ్బాలో పడెయ్యడం. బియ్యం తేమ పీల్చుకుని మెత్తబడితే మళ్ళీ కొత్త మూట. "తినే బియ్యం అద్దాలకి పెడతా ఉండాడు మీ మామ. మెత్తబడినవి కోళ్ళకి ఏస్తుండా. ఆ కోళ్ళు గూడా ఒకనాటికి వీడియోలు తీస్తాయి" అనేది అత్త.

"భయం ఉండాల పాపా" అని నాకు పాఠం చెప్పేవాడు. "భయం లేనోడు లెన్సుకి మూత తియ్యకుండానే పెండ్లంతా తీసేస్తాడు."

ఇక వల సంగతి. ఊరికి తూర్పున రొయ్యల గుంటలు, వాటిని దాటితే సరుగుడు తోటలు, ఆ తర్వాత సముద్రం. అక్కడ పోలయ్య అని వేటకు పోయే మనిషి ఉన్నాడు. మామకు చిన్ననాటి నుంచి తెలిసినవాడు. పొద్దున వేట నుంచి వచ్చాక పోలయ్య తన వలను గుంజల మీద అడ్డంగా పరిచి ఆరబెడతాడు. మామ తన లెన్సులన్నిటికీ అక్కడే పరీక్ష పెట్టేవాడు. వల ఒక్కటే ఫ్రేము నిండా, ఈ మూల నుంచి ఆ మూల దాకా వచ్చేటట్టు కెమెరా నిలిపి, ఐపీసులో కన్నుపెట్టి, మూలల్లో ఉన్న ముడులు చూసేవాడు. ఏ లెన్సయినా మధ్యలో బాగానే చూపిస్తుంది. దాని బండారం బయటపడేది మూలల్లోనే. మంచిదైతే మూలనున్న ముడి కూడా ముడిలాగే కనపడుతుంది. కాకపోతే అక్కడ మసక.

ఆ పరీక్షలో ఒక చిట్కా ఉంది. నాకు మొదటి రోజే నేర్పాడు. "ఒక మూల మచ్చగా కనపడిందనుకో. తొందరపడి లెన్సుని తిట్టబాక. కెమెరాని తలకిందులు చేసి మళ్ళా చూడు. మచ్చ గూడా దాంతో తిరిగి ఇంకో మూలకి పోయిందా, తప్పు లెన్సుది. తిరక్కుండా ఉన్నకాడే ఉండాదా, తప్పు వలది. పోయి పోలయ్యని తిట్టు."

లెన్సు, లేకపోతే వల. ఆయన లెక్కలో దొంగలు ఇద్దరే. మూడోవాడు ఒకడు ఉండొచ్చని ఆయనకు తోచలేదు, నాకూ తోచలేదు.

ఆ రోజు నాకు బాగా గుర్తు. ఎండలు ముగిసి తొలి వానలు పడిన రోజులు. చెన్నై నుంచి ఒక జూమ్ లెన్సు వచ్చింది, నచ్చకపోతే తిప్పి పంపే మాట మీద. చెవి దగ్గర నెగ్గింది. ఊపిరి కూడా తీయడం లేదు. మామ ముఖంలో పెళ్ళి కుదిరిన కళ వచ్చేసింది. ఇక వల ఒక్కటే మిగిలింది. ఇద్దరం సముద్రం ఒడ్డుకు పోయాం. కెమెరా నిలిపి కుడికన్ను ఐపీసుకు ఆనించాడు. ఆయన ఎప్పుడూ కుడికంటితోనే చూసేవాడు. ఎడమకన్ను కూడా తెరిచే ఉంచేవాడు, ఎవరైనా కెమెరాకు అడ్డం వస్తుంటే తెలియాలని. నాకూ అట్లాగే నేర్పాడు.

చాలాసేపు చూసి "ఎడం పక్క పైన ముడులు లేవు" అన్నాడు.

నేను చూశాను. శుభ్రంగా ఉన్నాయి. "ఉండాయి గదా మామా" అన్నాను.

"నువ్వు సరిగ్గా చూళ్ళా."

కెమెరా విప్పి తలకిందులు చేసి పట్టుకుని మళ్ళీ చూశాడు. "తిరగలా పాపా. మచ్చ ఉన్నకాడే ఉండాది" అన్నాడు. ఆ మాటలో ఎంత ఊరటో. లెన్సు మంచిదే అన్నమాట. వెంటనే తల ఎత్తి "పోలయ్యా, నీ వల చినిగింది చూసుకో!" అని కేకేశాడు.

పోలయ్య ఇసుకలో కూర్చుని తాడు సరిచేసుకుంటున్నాడు. వల చినిగిందంటే మర్నాడు వేట లేనట్టే. తాడు అక్కడే పారేసి పరిగెత్తాడు. ఆ మూల పట్టుకుని పైకీ కిందికీ వెతికి "యాడన్నా? బాగానే ఉండాదే!" అన్నాడు.

మామ కూడా వల దగ్గరికి పోయాడు. ఆ మూలనున్న ముడుల్ని ఒక్కొక్కటే వేళ్ళతో తడమడం మొదలుపెట్టాడు. పోలయ్య పక్కనే నిలబడి "లేదన్నా, నేను చూసినా గదా" అంటున్నాడు. మామ వినిపించుకోలేదు. తడుముతూనే ఉన్నాడు. వల బాగుందని చెప్తున్నకొద్దీ ఆయన ముఖం పాలిపోతోంది. ఎక్కడో ఒక చిరుగు దొరకాలి ఆయనకు, ఒక్క చిరుగు దొరికితే చాలు. ఎందుకంత పట్టుదలో నాకు అప్పుడు అర్థం కాలేదు. కంట్లో నలకేదో పడిందేమో అనుకున్నాను.

"ఎడమకంటితో ఒకసారి చూడు మామా" అన్నాను.

"నాకు అలవాటు లేదు."

"అలవాటు లేకపోతే ఏమి, ఒక్కసారి..."

"లెన్సు బాగలేదు పాపా. సర్దు" అన్నాడు.

అప్పుడే కదా తన చిట్కాతో లెన్సుకు ఏ పాపం తెలియదని తేల్చింది. నేను లెన్సు విప్పి డబ్బాలో పెట్టాను. తిరిగొచ్చేటప్పుడు బండి నన్ను నడపమన్నాడు. అంతకు ముందు ఎప్పుడూ నాకు ఇచ్చిన మనిషి కాదు, నేను పడేస్తానని భయం.

ఇంటికి పోయి రికార్డింగ్ చూశాను. నాలుగు మూలల్లోనూ ముడులు లెక్కపెట్టుకోవచ్చు. వెంటనే అత్తకు చెప్పాను. అత్త ఆయన్ను కూర్చోనివ్వలేదు, నిలబడనివ్వలేదు. ఆసుపత్రికి పద, పద అని. ఆయన మాత్రం ఆ లెన్సు తిప్పి పంపి ఇంకోటి తెప్పించాడు. దానికీ ఎడం మూల మసకగా ఉందట. తిప్పి పంపాడు. మరొకటి. దానికీ అంతే. ఈ మధ్య లెన్సులు ఎవరూ సరిగ్గా చెయ్యడం లేదని కనపడినవాళ్ళందరికీ చెప్పుకునేవాడు. బూజుకు భయపడిన మనిషి, బ్యాటరీకి భయపడిన మనిషి, కంటి దగ్గరికి వచ్చేసరికి లెన్సులు మార్చుకుంటూ కూర్చున్నాడు. తల్లి గోడలు తడుముకుంటూ నడవడం చిన్నప్పటి నుంచి చూసినవాడు. ఆ జబ్బు పేరు ఎత్తనిచ్చేవాడు కాదు.

పెళ్ళి వీడియోల్లో ఎడమవైపు మనుషులు సగం తెగిపోవడం మొదలయింది. ఒక పెళ్ళిలో దండలు మార్చుకునేటప్పుడు పెళ్ళికూతురి నాయనమ్మ పక్కనే నిలబడి ఉంది. వీడియోలో ఆమె మోచెయ్యి మాత్రం వచ్చింది. ఆ పెళ్ళివాళ్ళు అడిగితే "ఆమె కదిలింది" అన్నాడు. ముసలామె కుర్చీ పట్టుకుని నిలబడింది, కదిలే స్థితిలో లేదు. రెండో కెమెరాలో నేను తీసింది ఉండబట్టి సరిపోయింది.

చివరికి అత్త, మా అమ్మ కలిసి నెల్లూరు తీసుకుపోయారు. కంటి ఆసుపత్రిలో ఒక మిషను ఉంటుంది. ఒక కన్ను మూసి, పెద్ద తెల్లటి గిన్నెలాంటి దానికి గడ్డం ఆనించి కూర్చోబెడతారు. మధ్యలో ఉన్న దీపం నుంచి చూపు తిప్పకూడదు. చుట్టూ ఎక్కడెక్కడో చిన్న చిన్న వెలుగుచుక్కలు మెరుస్తాయి. కనపడినప్పుడల్లా చేతిలో ఉన్న మీట నొక్కాలి. కనపడకపోతే నొక్కకూడదు. ఏ వైపు చూపు పోయిందో అది చెప్తుంది.

మామ ఆ మిషన్ను మోసం చేశాడు.

చాలా రోజుల తర్వాత, ఇక దాచుకునేందుకు ఏమీ మిగలనప్పుడు, ఆయనే నాకు చెప్పాడు. "చుక్కలు ఒక తాళం మీద వస్తాయి పాపా. కాసేపటికి తాళం దొరికిపోయింది నాకు. కనపడినా నొక్కినా, కనపడకపోయినా నొక్కినా." చెప్తూ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఈ పరీక్ష సరిగ్గా రాలేదు, మళ్ళీ చెయ్యాలి, తొందరగా రండి అని డాక్టరుగారు చెబితే, బయట కూర్చున్న వాళ్ళిద్దరికీ "అంతా బాగుండాదన్నారు" అని చెప్పి ఇంటికి తీసుకొచ్చేశాడు. మళ్ళీ ఆసుపత్రికి పోయింది, పెళ్ళిమంటపంలో మెట్టు కనపడక కెమెరాతో సహా పడ్డాక. అప్పటికి కుడికన్ను దాదాపు పోయింది, ఎడమకన్ను సగం. పోయిన చూపు తిరిగి రాదని, ముందే వచ్చుంటే ఉన్నది నిలబెట్టేవాళ్ళమని డాక్టరుగారు చెప్పారు. అది విని అత్త ఏడ్చింది. ఆయన మాత్రం "ఎక్కువసేపు కూర్చోబెట్టేసినాం డాక్టరుగారిని, పదండి" అన్నాడు.

ఆ తర్వాత వరండాలో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. నేను లెన్సు కొన్న ప్రతిసారీ తీసుకుపోయి ఆయన చేతిలో పెట్టేదాన్ని. ముందు బరువు చూసేవాడు. రింగు తిప్పేవాడు. కెమెరాకు తగిలించమని, చెవి ఆనించి వినేవాడు. "మోటరు మెత్తగా ఉండాది. గుడిలో వాడుకోవచ్చు" అనేవాడు. మూలల సంగతి ఎప్పుడూ అడగలేదు. ఒకరోజు పొద్దున అట్లాగే కుర్చీలో కూర్చుని, గుండె ఆగి పోయాడు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, అంగట్లో చెవికి పెట్టుకున్న ఆ లెన్సునూ, ఇంకో లెన్సునూ చూసి తిరిగిచ్చేటట్టు తెచ్చుకున్నాను. ఒకటి జూమ్, ఒకటి జూమ్ లేనిది. వచ్చే సీజన్‌కు ఏదో ఒకటి తేల్చుకోవాలి. రెండూ పట్టుకుని పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక సముద్రం ఒడ్డుకు పోయాను. పోలయ్య ముసలివాడయ్యాడు. వల మాత్రం అదే గుంజల మీద ఆరుతోంది. కెమెరా నిలిపి జూమ్ లెన్సు పెట్టాను. కుడికన్ను ఆనించాను.

ఎడం పక్క పైన ముడులు లేవు.

నేను కన్ను తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టాను. లేవు. అక్కడ ఖాళీగా ఉంది. లెన్సే అయ్యుంటుందని రెండోది తగిలించాను. అదే మూల, అదే ఖాళీ. రెండు వేర్వేరు లెన్సులకు ఒకే మూల చెడిపోదు. అయినా కెమెరా విప్పి తలకిందులు చేశాను. చేస్తూ "తిరుగు, తిరుగు" అని బయటికే అన్నాను. తిరగలేదు. ఉన్నచోటే ఉంది.

కెమెరా స్టాండుకు బిగించి వల వైపు నడిచాను. అంత చిన్న దూరం అంత పొడుగ్గా ఎప్పుడూ అనిపించలేదు. ప్రభువా, వల చినిగుండాలి, ఆ ముసలాయనకు కష్టమైనా సరే వల చినిగుండాలి అని మొక్కుకుంటూ నడిచాను. ఆ రోజు మామ ముడుల్లో దేనికోసం వెతికాడో నాకప్పుడు తెలిసింది.

వల చినిగే ఉంది. పైన ఎడమ మూల, రెండు చేతులు పట్టేంత చిరుగు. దారాలు వేలాడుతున్నాయి. నేను ఆ దారాలు పట్టుకుని పగలబడి నవ్వాను. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి, నవ్వు ఆగడం లేదు.

పోలయ్య లేచి వచ్చాడు. "ఏం పాపా, నా వల చినిగితే నీకు నవ్వులాటగా ఉండాదా? నిన్నటి నుంచి కుట్టుకుందామంటే చేతులు రాకుండా నేనేడస్తుంటే" అన్నాడు.

తప్పయిపోయిందని చెప్పి, జరిగింది చెప్పాను. మచ్చ సంగతి, మామ సంగతి, ఆసుపత్రి సంగతి. ఆయన కోపం తగ్గింది. కానీ నాతో కలిసి నవ్వలేదు. ఇసుకలో కూర్చున్నాడు.

"మీ మామ గూడా ఇట్నే నవ్వినాడు పాపా" అన్నాడు.

"ఎప్పుడు?"

"నువ్వు గూడా వచ్చినావే, ఆ పొద్దుకి చానా ముందర. ఒక్కడే వచ్చినాడు. పోలయ్యా, మూలన ముడులు కనపడలేదు అంటా పరిగెత్తుకోనొచ్చి చూసినాడు. ఆ పొద్దు నిజంగానే చినిగుణ్ణింది. పీతలు కొరికేసినాయి. ఆ చిరుగు చూసి నన్ను కౌగిలించుకున్నాడు. నాకు టీ తాగించినాడు. బతికినా పోలయ్యా, నేనింకేందో అనుకున్నా అన్నాడు."

నేను చేతిలోని దారాలు వదిలేశాను.

"వల ఇంకో పక్క బాగుండాది గదన్నా, అటు తిప్పి చూడరాదా అన్నా నేను. వెలుతురు పోయింది, ఇంకోసారి చూస్తాలే అన్నాడు. వెలుతురు యాడ పోయింది పాపా, మిట్టమధ్యాన్నం. ఎండకి ఇసకలో కాలు పెట్టలేకుండా ఉంటిమి."

అంటే మామకు ముందే అనుమానం వచ్చింది. ఆ రోజు వల బాగుండి ఉంటే, దడుచుకుని అయినా ఆసుపత్రికి పోయేవాడేమో. చిరుగు దొరికింది. అదృష్టం అనుకున్నాడు. ఆ చిరుగు పట్టుకుని అన్ని రోజులూ వృథా చేసుకున్నాడు.

పోలయ్య నా ముఖంలోకి చూశాడు. "నువ్వన్నా అటు తిప్పి చూడు పాపా. ఆ పక్క చిరుగు లేదు."

కెమెరా అక్కడే ఉంది, స్టాండు మీద. కాస్త పక్కకు తిప్పితే చాలు, తప్పు వలదో నా కంటిదో తేలిపోతుంది. నేను దాని దగ్గరికి పోయాను. మీద చెయ్యి కూడా వేశాను.

"బ్యాటరీ అయిపోయింది పోలయ్యా" అన్నాను.

బ్యాటరీ నిండుగా ఉంది. సంచీలో ఇంకోటి కూడా ఉంది. మామ శిష్యురాలిని, నా దగ్గర రెండోది లేకుండా ఎట్లా ఉంటుంది? పోలయ్య తల పంకించి తన వల దగ్గరికి పోయాడు. అదే ఒడ్డున, అదే వల ముందు, మామ చెప్పిన అబద్ధానికి తోడుగా ఇంకో అబద్ధం చెప్పి నిలబడి ఉన్నాను.

ఇంటికి పోలేదు. నేరుగా విడవలూరులో అత్త ఇంటికి పోయాను. "రేపు ఆసుపత్రికి పోదాం రా అత్తా. నేను ఒక్కదాన్నే పోతే మధ్యలో దిగి వచ్చేస్తా" అన్నాను. అత్త పొద్దున్నే తయారై గుమ్మంలో కూర్చుంది. కిక్కిరిసిన బస్సు నెల్లూరు స్టాండులో ఆగేదాకా నా చెయ్యి వదల్లేదు.

ఆసుపత్రిలో ముందు ఎడమకన్ను. చుక్కలు అక్కడొకటి, ఇక్కడొకటి మెరుస్తుంటే నొక్కుకుంటూ పోయాను. తర్వాత ఎడమకంటికి గంత కట్టి "ఇప్పుడు కుడికన్నమ్మా, మధ్య దీపమే చూడండి" అంది అక్కడి అమ్మాయి. తెల్లటి గిన్నెలో గడ్డం ఆనించాను. మీట బొటనవేలి కింద ఉంది. తలుపు అవతల బెంచీ మీద అత్త సన్నగా ప్రార్థన చేసుకుంటోంది, నాకు వినపడుతోంది.

కుడివైపు చుక్క. నొక్కాను. కింద చుక్క. నొక్కాను. మళ్ళీ కుడివైపు. మామ చెప్పింది నిజమే, అదొక తాళం. కాసేపటికి నాకూ దొరికిపోయింది. ఇప్పుడొకటి, ఇప్పుడొకటి, ఇప్పుడొకటి.

ఇప్పుడొకటి రావాలి.

రాలేదు. నిజంగా రాలేదో, వచ్చినా నాకు కనపడలేదో తెలియదు. ఎదురుగా తెలుపు తప్ప ఏమీ లేదు. బొటనవేలు దానంతట అదే మీట మీదికి వంగింది. ఒక్క నొక్కు నొక్కితే అంతా బాగుండాదన్నారు అని అత్తకు చెప్పి ఇంటికి తీసుకుపోవచ్చు. లెన్సుల్లో ఏదో ఒకటి తేల్చుకోవచ్చు.

మామా, నొక్కలేదు. వేలు మీట మీదే ఉంది, కానీ నొక్కలేదు.